దత్తమండలములలో నాటి పల్లెబ్రతుకు

తుంగభద్రకు దక్షిణముగా, నల్లమల కొండలు మొదలుకొని మైసూరు పీఠభూమి అంచు వఱకు, పెన్న, చిత్రావతి, పాపఘ్ని, కుందేరు పాఱెడి నేలను నేడు రాయలసీమ యనుచున్నారు. 1928వ సంవత్సరమున నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. అంతకు ముందు నూటయిరువది యేండ్లకు పైగా ఈ సీమకు దత్తమండలము లనియే పేరు. దత్తమనగా ఈయబడినది. ఇచ్చినవాడు హైదరాబాదు నిజాము, పుచ్చుకొన్నవారు కుంపిణీవారు. నడుమ చేతులు మాఱిన ప్రజలను అడిగినవా రెవ్వరును లేరు.

శ్రీరంగపట్టణపు సంధిచే 1792లో టిప్పుసుల్తాను కడప సీమను నిజామునకు విడిచెను. 1799లో టిప్పు యుద్ధమున గూలిన పిమ్మట బళ్లారి, గుత్తి ప్రాంతములు కూడ నిజాము వాటాకు వచ్చినవి. ఆయన తన రాజ్యమున నిలిపిన కుంపిణీ సైన్యమునకు రొక్కము చెల్లింపజాలక, మాఱుగా 1800 అక్టోబరు 12వ తేదీ నాటి సంధిచే ఈ దేశము నంతయు వారికి వదలుకొనెను. పంచాంగమున అది రౌద్రి నామ సంవత్సరము; గ్రామలెక్కలలో ఫసలీ 1210. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబుల పాలనలోనే యుండెను. బనగానపల్లె చిన్న సంస్థానమై 1948 వఱకు నిలిచెను. ఇక దక్షిణమున మైసూరు, ఉత్తరమున నిజాము. దత్తమండలములలో పెక్కు గ్రామముల వారికి సంతకు పోవుటయు నొక్కొక్కప్పుడు పరరాజ్యమునకు పోవుటయే.

సరిహద్దు దేశమునకు శాంతి తక్కువ. 1565లో విజయనగరము కూలినది మొదలు 1800 వఱకు గడచిన రెండువందల ముప్పదియైదు సంవత్సరములలో గోలకొండవారు, విజాపురమువారు, మొగలులు, కడప నవాబులు, గుత్తిలో మురారిరావు, ఆపై హైదరాలి, టిప్పు, నిజాము ఒకరి వెంట నొకరుగా ఈ సీమను ఏలిరి. ఏలిరనుట కంటె వసూలు చేసిరనుట నిజమునకు దగ్గఱ. మురారిరావు గుత్తికోటను 1776లో హైదరుకు కోల్పోయెను. ఒక సర్కారునకు శిస్తు కట్టి రసీదు పుచ్చుకొన్న రైతును, అదే పంటకు మఱియొక సర్కారు మనుష్యులు వచ్చి మరల నడుగుట ఆ కాలమున వింత కాదు.

ఇట్టి దేశమున ఊరు ఎట్లు కట్టుకొనవలెనో అట్లే కట్టుకొనిరి. నేటికిని కడప, కర్నూలు, అనంతపురము ప్రాంతముల పాత గ్రామములలో నడుమ నొక బురుజు కనబడును. కొన్నిట సగము కూలి, కొన్నిట రాయి యంతయు ఇండ్ల పునాదులకు పోయి, మట్టిదిబ్బ మాత్రము మిగిలియుండును. ఒకప్పుడు ఊరి చుట్టును మట్టితోనో రాతితోనో కట్టిన గోడయు, ఆ గోడకు గవినియు, వెలుపల ముండ్లకంపయో నాగజెముడో దట్టముగా పెంచిన కంచెయు ఉండెడివి. సంధ్యవేళకు పశువులు ఊరు చేరిన తోడనే గవిని తలుపులు మూయుదురు. గుఱ్ఱపుదండు దుమ్ము దూరమున కనబడినచో బురుజు మీది కావలివాడు తప్పెట కొట్టును. ఆ తప్పెట విని పొలములోని వారు విత్తనపు సంచితో సహా పరుగెత్తి రావలసినదే.

ఇండ్లు ఒకదాని గోడ నొకటి యానుకొని యుండెడివి. మిద్దెలపై దంతెలు పఱచి, కంప వేసి, మట్టి తొక్కి, ఆ పైన చౌడు పోయుదురు. చౌడు వాననీటిని క్రిందికి దిగనీయదు. ఏటేట తొలకరికి ముందు క్రొత్త చౌడు తెచ్చి పోయుట ఇంటి యజమానికి తప్పనిపని. వెలుతురు కొఱకు కప్పునందు గవాచి యొకటి విడిచి, వాన వచ్చినపుడు దానిపై బండయో కుండపెంకో మూయుదురు. వీధివైపు కిటికీలుండవు. పశువులను ఇంటిలోనే ఒకప్రక్క కట్టుదురు. ఈ కట్టడము గాలి వెలుతురులకు చెడ్డదని తరువాతి కాలపు ఆరోగ్యాధికారులు వ్రాసిరి. వారి మాట నిజమే. కాని ఎద్దు పోయిన రైతు ఆ యేడు సేద్యము చేయజాలడు. ఎద్దును దొంగ తోలుకొని పోవుట కంటె దాని వాసన భరించుటయే మేలని యెంచిన వారిని తెలివిలేని వారనరాదు. మిద్దె నుండి మిద్దెకు నడచి ఊరంతయు తిరుగ వీలగును గనుక, దండు వీధిలో నున్నపుడు పైనుండి రాళ్లు రువ్వుటకు ఆ మిద్దెలే కోటగోడ లయ్యెను.

ధాన్యమును దాచు విధము ఇంకను చెప్పదగినది. గట్టినేలలో మనిషి లోతునకు మించిన గోయి త్రవ్వి, లోపల గడ్డియు జొన్నచొప్పయు దళసరిగా పఱచి, జొన్నలు పోసి, మీద మరల చొప్ప కప్పి మట్టితో పూడ్చుదురు. దీనికి పాతర యని పేరు. నీరుదిగని చోట త్రవ్విన పాతరలో జొన్నలు పెక్కేండ్లు చెడకుండును. మీద మన్ను చదును చేసినచో దాని జాడ పరాయివానికి తెలియదు. దండు ఇండ్లు దోచుకొని పోయినను తిండిగింజలు నేలలో భద్రముగా నుండెడివి. పాతర తెఱచుటకును ఒక పద్ధతి కలదు. మూత తీసిన వెంటనే దిగినవాడు లోని చెడుగాలికి ఊపిరాడక పడిపోవును. కావున తెఱచి, కొంతసేపు గాలి యాడనిచ్చి, త్రాటితో దీపము దింపి చూచి, అది ఆరకుండిన పిమ్మటనే మనిషి దిగును. ముక్కిన జొన్నల వాసన మొదట తిననీయదు. ఎండబోసి, కడిగి, దంచి సంకటి చేసికొనెడివారు.

పండిన గింజ ఇంటికి చేరుటకు ముందే దానికి పలువురు హక్కుదారులు. కళ్లములో కొలత జరుగునపుడు రెడ్డి, కరణము, తలారి, నీరుగంటి, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు ఆయగాండ్రకు మేరలు పోవలెను. మిగిలినదానిలో సర్కారు వాటా. సర్కారునకును రైతునకును నడుమ పాలెగాడు. థామస్ మన్రో 1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చినపుడు దత్తమండలములలో పాలెగాండ్రు సుమారు 80 మందియు, వారి క్రింద ఆయుధము పట్టిన బంట్లు సుమారు 30,000 మందియు ఉండిరి.

పాలెగాండ్రను గుఱించి రెండు విధములైన మాటలు వినబడుచుండును. వారు కేవలము దోపిడిగాండ్రని కుంపిణీ అధికారులు వ్రాసిరి. వారందఱును స్వాతంత్ర్యవీరులని మఱికొంద ఱనుచున్నారు. గ్రామపు లెక్కలను బట్టి చూచినచో రెండును పూర్తిగా సరిపోవు. విజయనగరపు కాలమున దారులను, అడవులను, పొలిమేరలను కాచుటకై నియమింపబడిన వారి సంతతి వారు వారిలో పెక్కుమంది. రాజు బలముగా నున్నంత కాలము కాచిరి. రాజు పోయినపిమ్మట ఆ కావలియే వసూలుగా మాఱినది. చెఱువులు త్రవ్వించిన పాలెగాండ్రు కలరు. పొరుగూరి పశువులను తోలుకొని వచ్చిన పాలెగాండ్రును కలరు. ఒకే మనుష్యుడు రెండును చేసిన సందర్భములును తక్కువ కావు. నేటి గ్రామకక్షల కన్నిటికిని వారినే మూలముగా చూపుట మాత్రము సులభమైన మాట. రెండు శతాబ్దముల నడుమ పుట్టిన తగవులకు నడుమనున్న వారును బాధ్యులే.

వారి క్రింది బంట్లకు కట్టుబడివారని పేరు. జీతము రొక్కము కాదు; కట్టుబడి మాన్యముగా నిచ్చిన భూమి. ఆ భూమిని దున్నుకొనుచు పిలిచినపుడు బల్లెముతో రావలెను. ఊరి కావలికి మఱియొక కట్టడి యుండెను. దొంగతనము జరిగినచో కావలివాడు దొంగను పట్టవలెను, లేదా పోయిన సొత్తునకు తానే వెల కట్టవలెను. కావున అతడు తెల్లవాఱకముందే దొంగ అడుగుజాడలు పట్టి బయలుదేఱును. జాడ పొరుగూరి పొలిమేర దాటినచో ఆ ఊరి కావలివానిని పిలిచి చూపును. అది మొదలు భారము వానిది. అతడు ఆ జాడను తన పొలిమేర దాటించి మూడవ ఊరివానికి అప్పగింపవలెను; అప్పగింపజాలనిచో సొత్తు వెల వాని మీద పడును. ఏ పశువు గిట్ట యేదో, ఏ మనిషి పాదము కుంటునో దుమ్ములో చదివిన వారు వారు. అక్షరము రాకున్నను వారిని చదువరు లనక తప్పదు.

పొలిమేరలే తగవునకు వచ్చినపుడు సాక్ష్యము చెప్పువాడు తలపై ఆ నేల మట్టి పెట్టుకొని, దేవరకు మ్రొక్కి, గట్టు వెంట నడువవలెను. అతడు నడచినదే హద్దు. అబద్ధము నడచినవాని వంశము నిలువదని నమ్మకము. ఈ నమ్మకము అబద్ధములను పూర్తిగా ఆపినదని చెప్పలేము. కాని హద్దుఱాయి కంటె ఎక్కువగానే ఆపినది.

మన్రో ఏడేండ్లు ఈ సీమలో నుండెను. డేరాలలో బసచేయుచు తాలూకా వెంట తాలూకా తిరిగెను. శిస్తు కట్టనన్న పాలెగాండ్రపైకి సైన్యము వెళ్లెను. కొంద ఱోడిరి, కొందఱు పారిపోయిరి, కొందఱు పింఛనుకు ఒడబడిరి. 1802లో భూముల కొలత ఆరంభమై అయిదేండ్లు నడచెను. అంతకు పూర్వము భూమిని ఇన్ని తూముల విత్తు పట్టునదనియో, ఇన్ని కాండ్ల సేద్యమనియో చెప్పుకొనెడివారు. ఇపుడు ముప్పది మూడడుగుల గొలుసు వచ్చెను. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల గుంట. నలువది గుంటలు ఎకరము. ముప్పది మూడును ముప్పది మూడుతో పెంచి, వచ్చినదానిని నలువదితో పెంచినచో 43,560 చదరపు టడుగు లగును. నేడు పాసుపుస్తకములలో నున్న ఎకరమును అంతియే. ఆ గొలుసు వెంట గుమాస్తాలు, రెడ్లు, కరణములు ఎండలో నడచిరి. కరణములలో కొందఱు మంచి రేగడిని గరపనేలగా వ్రాయించి లాభము పొందిరని మన్రోకు తెలియును. పాత మాన్యములను పెంచి చూపిన వారును కలరు. కరణపు వృత్తిని పొగడుటకు కారణములు పెక్కు కలవు గాని, ఆ కొలత నాటి నడత వానిలో నొకటి కాదు.

శిస్తు మాత్రము భారముగానే నిలిచెను. అది పంటలో సగమునకు దగ్గఱగా నుండెను. 1807లో సీమను విడుచుటకు ముందు మన్రో శిస్తును నూటికి 25 వంతున, బావినీట పండు భూములకు 33 వంతున తగ్గింపవలెనని వ్రాసెను. పైవా రొప్పుకొనలేదు. మఱుసటి యేడు రైతుతో పనిలేకుండ గ్రామములనే గుత్తకు, మొదట మూడేండ్లకును తరువాత పదియేండ్లకును, ముస్తాజరుల కిచ్చిరి. ముస్తాజరులు రైతులను పిండిరి. వారిలో పెక్కుమంది తామును చెడిరి. 1820లో మన్రో చెన్నపట్టణపు గవర్నరై తిరిగి వచ్చిన పిమ్మట రైతువారీ పద్ధతియు, పూర్వము తాను కోరిన తగ్గింపును అమలునకు వచ్చినవి. ఆయన 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మరణించెను. పత్తికొండ బావియు తోపును, గుత్తి సత్రమును ఆయన జ్ఞాపకార్థ మేర్పడినవి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరుపెట్టుకొన్న ఇండ్లు ఈ సీమలో నుండెను. తగ్గింపు ఒక యధికారి పేరును ఎంతదూరము మోసుకొని పోవునో దీనివలన తెలియును.

సేద్యపు తీరు అంత త్వరగా మాఱలేదు. నల్లరేగడిలో లోతుగా వేరుపాఱిన గడ్డిని పెఱుకుటకు పెద్దమడకను పెక్కు జతల యెద్దులతో లాగింపవలెను. అన్ని యెద్దులు ఒక యింట నుండవు. బదుళ్ల మీద కూడి దున్నుకొనెడివారు. ఒకసారి అట్లు దున్నిన చేనిని పలు సంవత్సరములు గుంటకతో గీచి గొఱ్ఱుతో విత్తినచో చాలును. గొఱ్ఱు వెనుక జడ్డిగములో గింజలు విడుచు పని తఱచుగా స్త్రీలది. వ్రేళ్ల సందున గింజ జాఱు వేగమే చేను పలుచనో దట్టమో నిర్ణయించును. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి, కంది, ఆముదము రేగడిపంటలు. ఎఱ్ఱనేలలో బావి యున్నవాడు కపిల తోలి రాగియు కొంత వరియు పండించెను. నేడు ఈ సీమ పంటగా పేరొందిన వేరుసెనగ అంత విరివిగా వ్యాపించినది ఇరువదవ శతాబ్దమునందే.

బావి ఒక్క కుటుంబపు శ్రమ, చెఱువు ఊరందఱిది. బద్వేలు ప్రాంతమున పోరుమామిళ్ల చెఱువునకు 1369 నాటి శాసనము కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దానిని కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లకు పూర్తియైనదని ఆ శాసనమే చెప్పుచున్నది. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు రాగల ఆఱు దోషములను అందు లెక్కించిరి. కట్టుటకు రాజున్నాడు సరే, ఏటేట పూడిక తీయుట కెవరు? దానికై దశబంధ మాన్యము లుండెను. చెఱువు కట్టించిన వానికో, బాగుచేయు బాధ్యత గలవానికో శిస్తు తగ్గించి యిచ్చిన భూమి యది. భూమి ఫలము తినువాడు కట్టకు గండి పడకుండ చూడవలెను. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను తరువాతి సంవత్సరములలో మాన్యముల నన్నిటిని విచారించి పట్టాలిచ్చెను. పలుచోట్ల భూమి అనుభవము నిలిచెను గాని, దానితో ముడివడిన చెఱువు చాకిరి సడలెను. ముడి విప్పినవారికి అది లెక్కలు చక్కచేయుటగా తోచెను. చెఱువు వైపు నుండి చూచినవారికి అట్లు తోచదు.

కట్టుబడి మాన్యముల సంగతి మఱింత కఠినమైనది. పాలెగాండ్రు పోయినపుడు బంట్లకు పనిపోయెను. మాన్యము మాత్రము కొందఱికి మిగిలెను. హక్కుదారు చనిపోయినపుడు సర్కారు ఆ భూమిని కలుపుకొనుచు వచ్చెను. 1846 నాటికి కోయిలకుంట్ల ప్రాంతమున ఇట్లు భూమి పోయినవారు పెక్కుమంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నొస్సము పాలెగాండ్ర సంబంధము గలవాడు; పింఛనులో ఆయన వంతు నెలకు పదునొకండు రూపాయల పైచిలుకు. ఆయన తిరుగబడినపుడు వెంట నడచిన వారిలో ఈ కట్టుబడివారే ముఖ్యులు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై బడిరి. అక్టోబరులో ఆయన పట్టువడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోటపై వ్రేలాడదీసిరి. అది 1877 వఱకు అక్కడనే యుండెను.

ఆ 1877వ సంవత్సరము ధాత కఱవు నడుమ వచ్చినది. 1876లో వానలు రెండు కార్తెలకును తప్పెను. రైలుదారి అప్పటికే కడప, గుత్తి, ఆదోని మీదుగా పోవుచుండెను. రైలు వచ్చినది గనుక ఆకలి రాదని పట్టణములలో ననుకొనిరి. కాని రైలు ధాన్యమును తెచ్చినట్లే తీసికొనియు పోవును. అమెరికా యుద్ధకాలమున ప్రత్తి ధర పెరిగినది మొదలు బళ్లారి రేగడిలో జొన్న తగ్గి ప్రత్తి హెచ్చెను. చేతికి రూకలు వచ్చినవి, పాతరలు తేలికపడినవి. గింజ ధర మూడింత లైనపుడు కూలివాని చేతిలో రూక లేదు, రైతు పాతరలో గింజ లేదు. గంజికేంద్రములకును, కంకర కొట్టు పనులకును జనము గుంపులుగా నడచిరి. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ బళ్లారి జిల్లా జనము సుమారు అయిదవ వంతు తగ్గెను. సుంకేసుల నుండి కడప వఱకు త్రవ్విన కాలువ అప్పటికి కొన్నియేండ్ల క్రిందనే సిద్ధమైనది. మంచి కాలమున నీటితీరువకు వెఱచి ఆ నీరు పెట్టుకొనని రైతులు, ఆ యేడు దానికై తగవులాడిరి.

ఈ సంగతులు నేటికి తెలియుటకు గ్రామముల కవిలెకట్టలే చాల వఱకు కారణము. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడిని పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టిన కడితము మీద బలపముతో వ్రాసిన లెక్కలు కొన్ని; తాటాకుల మీద గంటముతో గీచినవి కొన్ని. కర్నల్ మెకంజీ దత్తమండలములను కొలువ వచ్చినపుడు, కావలి లక్ష్మయ్య మొదలగువారు ఏర్పఱచిన మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల చేత పాత కవిలెలు విప్పించి, గ్రామచరిత్రలు వ్రాయించిరి. వానికి కైఫీయత్తులని పేరు. సి. పి. బ్రౌను వానిలో పెక్కింటికి శుద్ధప్రతులు వ్రాయించెను. కడపలో ఆయన బంగళా యున్న చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయము నడచుచున్నది. కడప జిల్లా కైఫీయత్తులు సంపుటములుగా అచ్చైనవి గనుక, ఇపుడు కోరినవా రెవ్వరైనను చదువవచ్చును.

1984లో కరణీకము రద్దయినపుడు ఊళ్లలోని దస్తరములు సర్కారు కచ్చేరులకు పోయినవి. సర్కారు లెక్కలు కానివి, అనగా పాత కవిలెలు, కడితములు, తగవుల తీర్పులు, దశబంధపు ఒడంబడికలు, అటకల మీదనే మిగిలినవి. కొన్ని చెదలపాలయ్యెను. కైఫీయత్తులలో పేరుపేరున వ్రాయబడిన కుంటలు, చెఱువులు కొన్ని గ్రామములలో ఇపుడు ఇండ్లస్థలములుగా నున్నవి. వాన గట్టిగా కురిసిన యేడు, ఆ కైఫీయత్తులో చెప్పిన చోటనే నీరు వచ్చి నిలుచుచున్నది.